రెండు ప్రమేయ సమూహాలున్న అణువును గుర్తించిన క్రమం: నా అనుభవం

సేంద్రియ సమ్మేళనాలలో ప్రమేయ సమూహాలను, అంటే అణువు రసాయన గుణాన్ని నిర్ణయించే పరమాణు గుంపులను, గుర్తించే పని మన విద్యార్థులకు ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌లోనే పరిచయమవుతుంది. ఆల్కహాల్, ఆల్డిహైడ్, కీటోన్, కార్బాక్సిలిక్ ఆమ్లం, ఫినాల్, అమీన్ అంటూ కొన్ని పేర్లు, ఒక్కొక్కదానికి రెండు మూడు పరీక్షలు, రికార్డులో ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ అని మూడు గడులు ఉంటాయి. అక్కడ ఇచ్చే పదార్థంలో సాధారణంగా ఒకే సమూహం ఉంటుంది కాబట్టి, ఏదో ఒక పరీక్షలో రంగు కనిపించగానే పని పూర్తవుతుంది. ఎమ్మెస్సీ సేంద్రియ ల్యాబ్‌లో ఒకే అణువులో రెండు సమూహాలున్న పదార్థం నా చేతికి వచ్చినప్పుడు ఆ పద్ధతి చాలదని తెలిసింది. ఒక సమూహం మరొక సమూహపు పరీక్షలో జోక్యం చేసుకుంటుంది. ఒకటి బిగ్గరగా స్పందిస్తే మరొకటి మౌనంగా ఉండిపోతుంది. ఏ సమూహం ఉందో చూపించే పరీక్షలతో సమానంగా, ఏది లేదో తేల్చే పరీక్షలకూ విలువ ఇవ్వవలసి వస్తుంది. ఆ విశ్లేషణను నేను ఏ వరుసలో చేశానో, ప్రతి దశలో ఏమి ఆలోచించానో ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఇచ్చినది తెల్లని స్ఫటిక పొడి, చెప్పుకోదగ్గ వాసన లేదు. తెలుపు రంగు కూడా ఒక సమాచారమే. నైట్రోఅనిలీన్లు పసుపు నుంచి నారింజ వరకు రంగు కలిగి ఉంటాయి, క్వినోన్లూ అజో సమ్మేళనాలూ రంగులోనే బయటపడతాయి. కాబట్టి ఆ కుటుంబాలకు అవకాశం తక్కువని మొదటి నిమిషంలోనే ఒక అంచనాకు రావచ్చు. గరిటె కొసన చిటికెడు పొడిని మంటలో పెడితే అది కరిగి, పొగతో కూడిన పసుపు మంటతో మండింది, మసి గాలిలో తేలింది. హైడ్రోజన్‌తో పోలిస్తే కార్బన్ వాటా ఎక్కువగా ఉన్న ఆరోమాటిక్ (బెంజీన్ వంటి వలయం ఉన్న) సమ్మేళనాలకు ఇది సామాన్య లక్షణం. మండిన తరువాత గరిటె మీద బూడిద మిగలలేదు కనుక అది ఏ లోహపు లవణమూ కాదు.

తరువాతిది నైట్రోజన్, గంధకం, హాలోజన్లు ఉన్నాయో లేదో చూసే సోడియం ఫ్యూజన్. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లాసేన్ 1843లో వెలువరించిన ఈ పరీక్ష నేటికీ మన ల్యాబ్‌లలో దాదాపు అదే రూపంలో నడుస్తోంది. కిరోసిన్‌లో ఉన్న సోడియాన్ని చిన్న ముక్కగా కోసి, వడపోత కాగితాల మధ్య తడి లేకుండా ఒత్తి, ఫ్యూజన్ ట్యూబులో వేసి కరిగించాలి. అది వెండిలా మెరుస్తున్నప్పుడు పదార్థాన్ని కొద్దిగా వేసి, ట్యూబు అడుగు ఎర్రబడే వరకు వేడి చేసి, చైనా డిష్‌లోని స్వేదనజలంలో ముంచాలి. ట్యూబు పగిలే క్షణంలో మిగిలిన సోడియం అంటుకునే అవకాశం ఉంటుంది కనుక డిష్ మీద వైర్ గాజ్ కప్పడం, ముఖం దూరంగా ఉంచడం తప్పనిసరి. కోస్తా ప్రాంతపు తేమ గాలిలో సోడియం ముక్క మీద కోసిన కాసేపటికే తెల్లని పొర పట్టేస్తుంది కాబట్టి, కోయడానికి ముందే మిగిలిన ఏర్పాట్లన్నీ పూర్తి చేసుకున్నాను.

వడపోసిన ద్రావణంలో కొంత భాగానికి అప్పుడే తయారు చేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలిపి మరిగించి, చల్లార్చి, సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలుగా వేశాను. ఆకుపచ్చగా మురికిగా ఉన్న హైడ్రాక్సైడ్ అవక్షేపం కరిగిపోతూ ఉంటే, దాని స్థానంలో బట్టలకు పెట్టే నీలిమందు రంగు తేరుకుంది. అది ప్రష్యన్ బ్లూ, అంటే పదార్థంలో నైట్రోజన్ ఉంది. నైట్రోప్రుసైడ్‌తో ఊదారంగు రాలేదు కనుక గంధకం లేదు. నైట్రిక్ ఆమ్లంతో మరిగించి సయనైడ్‌ను వెళ్లగొట్టిన తరువాత సిల్వర్ నైట్రేట్ వేస్తే అవక్షేపం రాలేదు కనుక హాలోజన్లు లేవు. ఈ పరీక్షకు ఉన్న ఒక పరిమితిని మాత్రం చివరి దాకా మనసులో ఉంచుకోవాలి. ఇది ఆక్సిజన్ గురించి ఏమీ చెప్పదు. నైట్రోజన్ దొరికిన సంతోషంలో ఆక్సిజన్ సంగతి మరచిపోతే, సగం అణువు మన కళ్లకు కనిపించకుండా పోతుంది.

నా దృష్టిలో ఈ విశ్లేషణ మొత్తానికి వెన్నెముక ద్రావణీయత పరీక్షలే. రంగుల పరీక్షలంత ఆకర్షణ వీటికి లేకపోవడం వల్ల చాలామంది తొందరగా ముగించేస్తారు. నేను ఒక్కొక్క పరీక్షనాళికలో కొలిచినంత పొడి మాత్రమే వేసి, ద్రావణిని కొంచెం కొంచెంగా కలిపి, ప్రతిసారీ బాగా కుదిపి చూశాను. చల్లని నీటిలో కరగలేదు. 5 శాతం సోడియం బైకార్బొనేట్‌లో కరగలేదు, బుడగలూ రాలేదు కనుక స్వేచ్ఛగా ఉన్న కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహం లేదు. 5 శాతం చల్లని సోడియం హైడ్రాక్సైడ్‌లోనూ కరగలేదు కనుక ఫినాల్ కూడా లేదనుకోవచ్చు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మాత్రం కరిగింది. ఆ ద్రావణానికి క్షారం కలపగానే తెల్లని పొడి మళ్లీ తేలింది. అంటే ఇది క్షార స్వభావం ఉన్న పదార్థం, నైట్రోజన్ ఉన్నది అమీన్ రూపంలోనే అన్నమాట.

అయితే అది ఆమ్లంలో కరిగిన తీరు మామూలు అనిలీన్ కరిగే తీరులా లేదు. అనిలీన్ చుక్క ఆమ్లం తగలగానే కలిసిపోతుంది. ఈ పొడి మాత్రం నెమ్మదిగా, మరికొంత ఆమ్లం కలిపిన తరువాతే పూర్తిగా కరిగింది. అనిలీన్ సంయుగ్మ ఆమ్లపు (ప్రోటాన్ చేరిన అనిలీన్) పీకేఏ విలువ సుమారు 4.6; ఈ విలువ తగ్గేకొద్దీ క్షారం బలహీనమైనదని అర్థం. వలయం మీద ఎలక్ట్రాన్లను లాగే సమూహం ఉంటే నైట్రోజన్ మీది ఒంటరి ఎలక్ట్రాన్ల జంట అటువైపు లాగబడి, క్షార బలం తగ్గి, ఈ విలువ ఇంకా కిందికి దిగుతుంది. కాబట్టి వలయం మీద అమీన్‌తో పాటు ఎలక్ట్రాన్లను లాగే మరో సమూహం ఉండవచ్చునని రికార్డులో పెన్సిల్‌తో ఒక వాక్యం రాసుకున్నాను. అది రుజువు కాదు, కానీ ఏ దిశలో వెతకాలో చెప్పిన మొదటి జాడ అదే.

అసంతృప్తత (కార్బన్ల మధ్య ద్విబంధం) పరీక్షల దగ్గర సమూహాల జోక్యం మొదటిసారి స్పష్టంగా కనిపించింది. బ్రోమిన్ నీటి రంగు వెంటనే పోయింది, పర్మాంగనేట్ ఊదారంగూ పోయి గోధుమరంగు మిగిలింది. పాఠ్యపుస్తకపు పట్టిక ప్రకారం ఇది ద్విబంధానికి గుర్తు. కానీ బ్రోమిన్ రంగు పోవడంతో పాటు పరీక్షనాళికలో తెల్లని అవక్షేపం కూడా ఏర్పడింది. అమీన్ సమూహం వలయాన్ని ఎంతగా చైతన్యపరుస్తుందంటే, ఉత్ప్రేరకం లేకుండానే బ్రోమిన్ వలయంలోకి ప్రతిక్షేపించబడుతుంది. ఆ తెల్లని అవక్షేపం సంకలనం వల్ల వచ్చేది కాదు, ప్రతిక్షేపణ వల్ల వచ్చేది. పర్మాంగనేట్ కూడా ఆరోమాటిక్ అమీన్లను ఆక్సీకరణం చేస్తుంది. అందువల్ల అమీన్ ఉన్న పదార్థంలో ఈ రెండు పరీక్షలనూ అసంతృప్తతకు సాక్ష్యంగా తీసుకోవడానికి వీలు లేదు. నేను నిర్ధారణ గడిలో ‘అమీన్ ఉన్నందున ఈ పరీక్ష నిర్ణాయకం కాదు’ అని రాశాను. పరీక్షలను ఒకదానితో ఒకటి కలిపి చదవకుండా విడివిడిగా పట్టిక నింపే అలవాటు మన ప్రాక్టికల్ రికార్డులలో ఎంత బలంగా ఉందో ఇక్కడ నాకు బాగా అర్థమైంది. ఆ అలవాటును మాన్పించవలసింది మొదటి సంవత్సరంలోనే అని నా గట్టి అభిప్రాయం.

అమీన్ ఏ తరగతికి చెందినదో, అంటే నైట్రోజన్‌కు ఒక కార్బన్ సమూహమే ఉన్న ప్రైమరీయో, రెండున్న సెకండరీయో తేల్చడానికి, అమీన్‌ను డయజోనియం లవణంగా మార్చే డయజోటీకరణను ఎంచుకున్నాను. పొడిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, ఐసులో 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంచి, అంతే చల్లగా ఉన్న సోడియం నైట్రైట్ ద్రావణాన్ని చుక్కలుగా కలపాలి. ఎండాకాలంలో ల్యాబ్ ఫ్రిజ్‌లోని ఐసు మొత్తం తరగతికి చాలదు కనుక, బయట సోడా కొట్టు నుంచి తెప్పించిన ఐసులో ఉప్పు కలిపి ఆ చల్లదనం నిలబెట్టాము. క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్‌లో ఆ ద్రావణాన్ని పోయగానే నారింజ ఎరుపు అజో రంజకం గట్టిగా ఏర్పడింది. పీటర్ గ్రీస్ 1858లో డయజోనియం సమ్మేళనాలను కనుగొన్నప్పటి నుంచి రంజకాల పరిశ్రమకు పునాదిగా ఉన్న రసాయనమే ఇది. ఔషధ ప్రమాణ గ్రంథాలలో ప్రైమరీ ఆరోమాటిక్ అమీన్లకు నేటికీ ఈ పరీక్షే నిర్దేశించి ఉంటుంది. ప్రైమరీ ఆలిఫాటిక్ అమీన్ అయితే నైట్రోజన్ బుడగలు వచ్చేవి, రంజకం వచ్చేది కాదు. సెకండరీ అయితే పసుపుపచ్చని నైట్రోసమీన్ వచ్చేది. కాబట్టి వలయానికి నేరుగా అతుక్కున్న ప్రైమరీ అమీన్ ఉందని నిశ్చయమైంది. కార్బిలమీన్ పరీక్ష కూడా అమీన్ ప్రైమరీ అని చెబుతుంది గానీ, దానిలో వెలువడే ఐసోసయనైడ్ విషపూరితం, దాని దుర్వాసన ల్యాబ్‌ను చాలాసేపు వదలదు. రంజకం ఇంత స్పష్టంగా వచ్చాక దాని అవసరం లేదని మానేశాను.

ఇంతవరకు బిగ్గరగా స్పందించిన సమూహం సంగతి. పదార్థం ద్రవీభవన స్థానం 89 నుంచి 90 డిగ్రీల మధ్య వచ్చింది. నా చేతిలో ఉన్న అమీన్ల పట్టికలో పారా టోలుడీన్ సుమారు 44 డిగ్రీల దగ్గర, ఆల్ఫా నాఫ్తైలమీన్ 50 డిగ్రీల దగ్గర, ఆర్థో ఫినిలీన్ డయమీన్ 102 డిగ్రీల దగ్గర ఉన్నాయి. 90 దగ్గర నా పరిశీలనలన్నిటికీ సరిపోయే సాదా అమీన్ కనిపించలేదు. పైగా ఆమ్లంలో నెమ్మదిగా కరగడం అనే జాడ ఉండనే ఉంది. కనుక మౌనంగా ఉన్న రెండో సమూహం కోసం క్రమంగా వెతకడం మొదలుపెట్టాను.

2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్‌తో నారింజ అవక్షేపం రాలేదు కనుక ఆల్డిహైడ్ గానీ కీటోన్ గానీ లేవు. క్షారంతో కొద్దిసేపు మరిగించి, తడి ఎర్ర లిట్మస్‌ను ఆవిరికి చూపితే నీలంగా మారలేదు కనుక అమ్మోనియా వెలువడలేదు, సాదా అమైడ్ లేదు. జింకు పొడి, అమ్మోనియం క్లోరైడ్‌తో క్షయకరణం చేసి వడపోసిన ద్రావణానికి టోలెన్స్ కారకం కలిపితే బూడిదరంగు వెండి రాలేదు కనుక నైట్రో సమూహం లేదు. ఇలా ‘లేదు’ అని వచ్చిన ప్రతి ఫలితాన్నీ వచ్చిన ఫలితాలంత జాగ్రత్తగానే నమోదు చేశాను. ప్రతి కారకాన్నీ అది తప్పనిసరిగా పనిచేయవలసిన పదార్థంతో ముందు పరీక్షించి చూసుకున్నాను. బెంజాల్డిహైడ్‌తో నారింజ అవక్షేపం ఇచ్చిన కారకమే నా పదార్థంతో ఇవ్వకపోతేనే ఆ లేమికి అర్థం ఉంటుంది. పాతబడిన కారకం ఇచ్చే ‘లేదు’కు ఏ విలువా లేదు.

మిగిలిన ప్రధానమైన అవకాశం ఎస్టర్, అంటే ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడే సమూహం. దీనికి హైడ్రాక్సామిక్ ఆమ్ల పరీక్ష ఉంది. పదార్థాన్ని ఆల్కహాల్‌లో హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడ్, క్షారంతో కలిపి మరిగించి, చల్లార్చి, ఆమ్లీకరించి, ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయాలి. ఎస్టర్ ఉంటే హైడ్రాక్సామిక్ ఆమ్లం ఏర్పడి, ఇనుముతో కలిసి ఎరుపు నుంచి ఊదా వరకు గల రంగు ఇస్తుంది. నేను పరీక్షనాళిక చేతిలోకి తీసుకోగానే మా సార్ వెనక నుంచి, “ముందు బ్లాంక్ (అసలు కారకం లేని పోలిక పరీక్ష) పెట్టావా?” అని అడిగారు. “పెట్టాను సార్, హైడ్రాక్సిలమీన్ లేకుండా ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే పసుపు రంగే ఉంది” అని చూపించాను. ఫినాల్లూ ఈనాల్లూ ఫెర్రిక్ క్లోరైడ్‌తో వాటంతట అవే రంగు ఇస్తాయి, కొన్ని ఆరోమాటిక్ అమీన్లు కూడా దానితో ఆక్సీకరణం చెంది రంగు తేలుతాయి. కనుక ఆ బ్లాంక్ లేనిదే ఈ పరీక్షకు విలువ లేదు. అసలు పరీక్షలో ముదురు ఎరుపు ఊదారంగు వచ్చింది. ఆమ్ల క్లోరైడ్లు, అన్‌హైడ్రైడ్లు కూడా ఈ రంగు ఇవ్వగలవు గానీ, స్వేచ్ఛగా ఉన్న ప్రైమరీ అమీన్ పక్కన అవి నిలవలేవు. వెంటనే చర్య జరిపి అమైడ్లుగా మారిపోతాయి. ఒక సమూహం ఉనికి మరొక సమూహపు అవకాశాన్ని కొట్టివేయడమంటే ఇదే.

ఎస్టర్ ఉందని తేలినంత మాత్రాన అణువు తెలియదు. ఏ ఆమ్లపు ఎస్టర్, ఏ ఆల్కహాల్ ఎస్టర్ అన్నది తేలాలి. అందుకు పదార్థాన్ని 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌తో, ఘనపదార్థం పూర్తిగా కరిగిపోయే వరకు రిఫ్లక్స్ చేసి (ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే చేరేలా మరిగించి) జలవిశ్లేషణ చేశాను. ఆ తరువాత కండెన్సర్‌ను మార్చి, ముందుగా వచ్చిన కొన్ని మిల్లీలీటర్ల స్వేదన ద్రవాన్ని వేరుగా పట్టాను. దానికి అయోడిన్ ద్రావణం, క్షారం కలిపి 60 డిగ్రీల నీటిలో కాసేపు ఉంచగానే లేత పసుపు స్ఫటికాలు, వాటితో పాటు పాత ఆసుపత్రుల గాయాల మందు వాసన వచ్చాయి. అది అయొడోఫాం. లీబెన్ 1870లో వివరించిన ఈ చర్యను ఇథనాల్ ఇస్తుంది, మెథనాల్ ఇవ్వదు. ఈ దశలో ఒక జాగ్రత్త ఉంది, దానిని ఎవరూ తేలికగా తీసుకోకూడదు. గాజు సామానును అసిటోన్‌తో కడిగి ఆరబెట్టడం మన ల్యాబ్‌లలో మామూలు, ఆ అసిటోన్ చుక్క మిగిలినా అయొడోఫాం వస్తుంది. పదార్థాన్ని ఆల్కహాల్ నుంచి స్ఫటికీకరించి సరిగా ఆరబెట్టకపోయినా అంతే. అందుకని గాజు సామానంతా స్వేదనజలంతోనే కడిగి ఆరబెట్టి, క్షారాన్ని ఒక్కదాన్నే అదే విధంగా స్వేదనం చేసి చూశాను. దానిలో స్ఫటికాలు రాలేదు.

ఫ్లాస్కులో మిగిలిన క్షార ద్రావణంలో ఆమ్ల భాగం లవణంగా ఉంది. దానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలుగా వేస్తుంటే మొదట ఏమీ లేదు, తరువాత పడిన చోట తెల్లని మసక కనిపించి కలిపితే మాయమైంది, ఇంకా తరువాత ఆ మసక నిలబడి దట్టమైంది. ఒక చిన్న భాగాన్ని వేరుగా తీసి దానికి ఆమ్లం మరికొంత ఎక్కువ వేస్తే అవక్షేపం మళ్లీ కరిగిపోయింది. ఇది ఉభయస్వభావానికి ప్రత్యక్ష నిదర్శనం. ఆమ్లం, అమీన్ రెండూ ఉన్న అణువు అధిక క్షారంలోనూ కరుగుతుంది, అధిక ఆమ్లంలోనూ కరుగుతుంది, మధ్యలో మాత్రమే స్ఫటికాలుగా దిగుతుంది. అందువల్ల మిగతా ద్రావణాన్ని చివరి దశలో అసిటిక్ ఆమ్లంతో పీహెచ్ 3, 4 మధ్యకు తెచ్చి, చల్లార్చి వడపోశాను. వేడి నీటి నుంచి తిరిగి స్ఫటికీకరించిన తరువాత ఆ పదార్థం 187 డిగ్రీల దగ్గర కరిగింది, బైకార్బొనేట్‌తో బుడగలు ఇచ్చింది, డయజోటీకరణలో రంజకాన్నీ ఇచ్చింది. పారా అమైనో బెంజోయిక్ ఆమ్లపు (వలయం మీద రెండు సమూహాలూ ఎదురెదురుగా ఉన్నది) లక్షణాలు ఇవే. అవి పక్కపక్కనే ఉన్న ఆర్థో రూపమైన ఆంత్రనిలిక్ ఆమ్లమైతే 146 డిగ్రీల దగ్గరే కరిగేది.

ఈ రెండు ముక్కలనూ కలిపితే ఇథైల్ పారా అమైనో బెంజోయేట్, అంటే బెంజోకెయిన్ వస్తుంది. 1890లో జర్మనీలో రిట్సెర్ట్ తొలిసారి తయారు చేసిన ఈ స్థానిక మత్తుమందును గొంతు నొప్పి బిళ్లలలో, చర్మానికి రాసే మందులలో ఈనాటికీ వాడుతున్నారు. నమూనా 90 డిగ్రీల దగ్గర కరగడం దీనితో సరిపోతుంది. ఇదే ఆమ్లపు మిథైల్ ఎస్టర్ 112 దగ్గర, ప్రొపైల్ ఎస్టర్ 74 దగ్గర, బ్యూటైల్ ఎస్టర్ 58 దగ్గర కరుగుతాయి. స్టోర్‌లోని అసలు బెంజోకెయిన్‌తో నా పదార్థాన్ని సమంగా నూరి ద్రవీభవన స్థానం చూస్తే అది తగ్గలేదు; రెండూ వేర్వేరు పదార్థాలైతే తగ్గేది.

ఈ పరీక్షలన్నీ పూర్తయ్యాకే, బంధాలు పరారుణ కాంతిని పీల్చుకునే తీరును చూపే ఐఆర్ వర్ణపటం తీయించాను. ఆ క్రమం మంచిదైంది. 3420, 3340 సెం.మీ⁻¹ దగ్గర రెండు స్పష్టమైన శిఖరాలు ప్రైమరీ అమీన్‌ను చూపించాయి. పొటాషియం బ్రోమైడ్ తేమ పీల్చుకుని ఉంటే అక్కడే వెడల్పాటి నీటి పట్టీ వచ్చి వీటిని మింగేస్తుంది కనుక, ఆ పొడిని ఓవెన్‌లో ఆరబెట్టి వాడారు. అసలు చిక్కు కార్బొనైల్ (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం) శిఖరం దగ్గర వచ్చింది. అది 1685 దగ్గర ఉంది. సాదా ఎస్టర్ 1740 ప్రాంతంలో, ఆరోమాటిక్ ఎస్టర్ 1720 ప్రాంతంలో ఉండాలని చార్టు చెబుతుంది. ఆ చార్టు ఒక్కటే చూసేవారు 1685ను ఆరైల్ కీటోన్ అనో అమైడ్ అనో రాస్తారు. నా దగ్గర డైనైట్రోఫినైల్ హైడ్రజీన్‌తో కీటోన్ లేదని, క్షారంతో అమ్మోనియా రాలేదని, హైడ్రాక్సామిక్ పరీక్షలో రంగు వచ్చిందని ముందే సాక్ష్యాలున్నాయి. కారణం కూడా దొరికింది. పారా స్థానంలోని అమీన్ తన ఒంటరి జంటను వలయం మీదుగా కార్బొనైల్‌కు పంపడంతో ఆ ద్విబంధ స్వభావం కొంత తగ్గి, శిఖరం కిందికి దిగుతుంది. ఆమ్లంలో నెమ్మదిగా కరగడం, కార్బొనైల్ శిఖరం దిగడం, ఈ రెండూ ఒకే ఎలక్ట్రాన్ల కదలికకు రెండు ముఖాలు. 1280 దగ్గర బలమైన కార్బన్-ఆక్సిజన్ శిఖరం ఎస్టర్‌ను సమర్థించింది.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు ఒకే ప్రశ్న మీద నిలబడ్డారు. “ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా అయొడోఫాం ఇస్తుంది కదా, మరి ఇది ఇథైల్ ఎస్టరే అని ఎలా చెబుతారు?” అని అడిగారు. స్టోర్ నమూనాతో కలిపినప్పుడు ద్రవీభవన స్థానం తగ్గకపోవడాన్ని మొదట చూపించాను. తరువాత విశ్వవిద్యాలయం నుంచి తెప్పించుకున్న ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ (అణువులోని హైడ్రోజన్ల పరిసరాలను చూపే వర్ణపటం) ప్రతిని ఆయన ముందు పెట్టాను. 1.4 పీపీఎం (ఆ వర్ణపటపు కొలమానం) దగ్గర మూడు హైడ్రోజన్ల ట్రిప్లెట్ (మూడుగా చీలిన శిఖరం), 4.3 దగ్గర రెండు హైడ్రోజన్ల క్వార్టెట్ (నాలుగుగా చీలినది) ఉన్నాయి. ఐసోప్రొపైల్ అయితే ఆరు హైడ్రోజన్ల డబ్లెట్ (రెండుగా చీలినది), 5 పీపీఎం పైన ఒకే హైడ్రోజన్‌కు సెప్టెట్ (ఏడుగా చీలినది) వచ్చేవి. 6.6, 7.9 దగ్గర రెండేసి హైడ్రోజన్ల రెండు డబ్లెట్లు పారా ప్రతిక్షేపణను చూపుతున్నాయి. 4 పీపీఎం దగ్గరి వెడల్పాటి శిఖరం భారజలం కలిపితే మాయమైంది కనుక అది అమీన్ హైడ్రోజన్లదే. ఆయన వర్ణపటం మీద ఇంటిగ్రేషన్ గీతలను (ఒక్కో శిఖరం ఎన్ని హైడ్రోజన్లదో చూపేవి) స్కేలుతో కొలిచి, 3, 2, 2, 2, 2 అని పక్కన రాసి, రికార్డు మీద సంతకం చేశారు.